గుట్ట కింద విడిచిన బూట్లు

మా అపార్ట్‌మెంటుకు లిఫ్టు పెట్టించి తొమ్మిదేళ్లయింది. పాలు వేసే మట్టయ్య ఇంతవరకూ అందులో కాలు పెట్టలేదు. ఎడమ మోచేతికి రెండు సంచులు, కుడిచేతిలో ఒకటి వేలాడేసుకుని రెండేసి మెట్లు ఒకేసారి ఎక్కేస్తాడు. నాకు తెల్లవారుజామున నిద్ర ఉండదు. ఏదో ఒక పుస్తకం తెరుచుకుని హాల్లో కూర్చుంటాను. కింద గేటు చప్పుడయ్యాక నేను ఒక పేజీ పూర్తి చేసేలోపు మా మూడో అంతస్తు గుమ్మం ముందు ప్యాకెట్లు పడ్డ మెత్తటి చప్పుడు వినిపిస్తుంది.

మా ఆవిడ శేషారత్నం ఒకసారి తలుపు తీసి అడిగింది. "లిఫ్టు ఉంది కదయ్యా, ఎందుకా ఆయాసం?"

"లిఫ్టు కోసం నిలబడేలోపల మీ ఇల్లు దాటి పోతనమ్మా," అన్నాడు. అతని గొంతులో ఆయాసం లేదు.

ముప్ఫై ఏళ్లకు పైగా దిల్‌సుఖ్‌నగర్‌లో పాలు వేస్తున్నాడు. మొదట అతని మేనమామ గోపయ్యకు ఉండేది ఈ లైను. లైను అంటే వరసగా పాలు వేసుకుంటూ పోయే వీధులూ ఇళ్లూ. పి అండ్ టి కాలనీ నుంచి సరూర్‌నగర్ చెరువు దాకా ఆ వీధులన్నీ అప్పట్లో ఒంటి అంతస్తు ఇళ్లట. అవి రెండంతస్తులయ్యాయి, తర్వాత ఐదంతస్తులయ్యాయి. "ఊరు మీదికి పెరిగింది సార్, నేను గూడ మీదికే ఎక్కుతున్న," అంటాడు. రోజుకు నూట అరవై అంతస్తులు ఎక్కుతానని అతని లెక్క. నేను నమ్మలేదు. ఒకరోజు కాగితం మీద భవనాల పేర్లు రాయించి కూడితే నూట అరవై నాలుగు వచ్చాయి.

నల్గొండ జిల్లా, మునుగోడు వైపు ఒక పల్లె అతనిది. ఊరు వదిలి ఎందుకొచ్చావని అడిగితే చాలాకాలం "పనికే సార్" అని తప్పించుకున్నాడు. ఒక వానరోజు, రోడ్డంతా నీళ్లై కదలలేక మా ఇంట్లో టీ తాగుతూ చెప్పాడు.

"పదో తరగతి మూడుసార్లు రాసిన. గప్పుడు పేపర్ల నంబర్లు పడుతుండె గదా. బస్ స్టేజీ కాడ హోటల్లకు ఒక్కటే పేపరొచ్చేది. మొదటిసారి చూసిన, లేదు. రెండోసారి చూసిన, లేదు. మూడోసారి పోబుద్ది కాక మా దోస్తు బక్కయ్యను తోలిచ్చిన. మాపటిదాక చూస్తున్న, బక్కయ్య రాడు. తెల్లారి తెల్సింది, నాకు చెప్పలేక ఆడికెళ్లి ఆడికే వాళ్ల మేనత్త ఊరికి పోయిండని."

నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను. అతను వెళ్లాక మాత్రం చాలాసేపు పుస్తకం తెరవలేకపోయాను.

అతను పరుగు మొదలుపెట్టింది యాభై దగ్గరపడ్డాక. దానికి కారణం కూతురు మౌనిక. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తి చూపించాలి. సరూర్‌నగర్ చెరువు కట్ట మీద పొద్దున్నే ఆ అమ్మాయి ఒక్కతే పరుగెడుతుంటే ఎవరో ఏదో అన్నారట. మర్నాటి నుంచి లైను ముగించుకుని మట్టయ్య కూడా వెళ్లాడు. ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చేతిలో తన చెప్పులు పట్టుకుని కూతురి వెనకాల పది గజాల దూరంలో పరుగెత్తేవాడు. చెప్పులతో పరుగు రాదు, చెప్పులు వదిలేస్తే ఎవరన్నా ఎత్తుకుపోతారు. ఆరు నెలలు అలాగే గడిచాయి. మౌనికకు ఉద్యోగం వచ్చింది, నాగోల్ వైపు డ్యూటీ వేశారు. ఆమె పరుగు ఆపేసింది. మట్టయ్య ఆపలేకపోయాడు.

అతని భార్య సైదమ్మ మా ఆవిడ దగ్గర మొర పెట్టుకుంది. "చూడుండ్రమ్మా, బిడ్డకు నౌకరొచ్చింది, ఈయన ఉరుకుడు బందు కాలె. ఏమయ్యా, నీకేమన్న ఎస్సై పోస్టు ఇస్తరా అంటే ఇనడు. మొన్న బిడ్డ జీతంల బూట్లు కొనిచ్చింది. ఇగ ఆయనను పట్టేటోడే లేడు."

చెరువు కట్ట మీద పరుగెత్తే బృందం ఒకటుంది. దాన్ని నడిపేది వంశీకృష్ణ. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడు. ముప్ఫై ఏడేళ్లుంటాయి. గట్టు ఎక్కే మెట్ల మీద అందరూ ఆగి ఊపిరి తీసుకుంటుంటే మట్టయ్య ఒక్కడే ఆగకుండా ఎక్కిపోవడం అతను చాలా రోజులు చూశాడట. ఒక ఆదివారం దగ్గరకు పిలిచి ఒక పోటీ గురించి చెప్పాడు. విశాఖ అవతల మన్యం కొండల్లో. యాభై కిలోమీటర్లు. రోడ్డు కాదు, అడవి బాటలు, రాళ్లు, వాగులు. పన్నెండు గంటల్లో ముగించాలి. పొద్దున్నే నడకకు వెళ్లిన నేను ఆ పక్కనే సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాను.

మట్టయ్య దూరం అడగలేదు. కొండలు ఎంత ఎత్తని అడగలేదు. ఒక్కటే అడిగాడు.

"ఉరికినాక మన పేరు పడతదా సార్?"

"ఎక్కడ?"

"లిస్టుల."

"గడువులోపల వచ్చినవాళ్లందరి పేర్లూ పెడతారండీ. నంబరు, పేరు, టైము, అన్నీ."

"అయితే ఒస్త."

అంతే. వంశీకృష్ణ దాన్ని తమాషాగా తీసుకున్నాడు. నాకు బస్ స్టేజీ హోటలు గుర్తుకొచ్చింది.

పోటీకి ఇంకా నాలుగు నెలలుంది. వంశీకృష్ణ అతనికి కాగితం మీద పట్టిక వేసిచ్చాడు. మంగళవారం ఇన్ని మెట్లు, గురువారం ఇన్ని మెట్లు అని. మట్టయ్య దాన్ని చూసి వినయంగానే, "సార్, గివన్నీ పొద్దుగాల ఐదు గంటలకే అయిపోతున్నై. ఇంకేం ఎక్కమంటరు?" అన్నాడు. ఆ పట్టికలో అతనికి పనికొచ్చింది ఆదివారాల దూరం ఒక్కటే. ఎల్బీనగర్ దాకా పోయి ఫ్లైఓవర్ ఎక్కి దిగి, ఎక్కి దిగి, అక్కడ్నుంచి తుర్కయంజాల్ వరకు సాగర్ రోడ్డు పట్టుకుని పోయి వచ్చేవాడు. దారిలో తెలిసిన ఆటోవాళ్లు పక్కన ఆపి, "ఏమైంది మట్టన్నా? ఏమన్న ఆపతా? ఎక్కు, దించుత," అనేవాళ్లట. ఊరికే పరుగెడుతున్నానని చెబితే ఇంకా కంగారుపడేవాళ్లట.

పోటీకి వెళ్లిన మూడు రోజులూ లైను సైదమ్మ, మౌనిక పంచుకున్నారు. ఆ మూడు రోజులూ మా పాలు లిఫ్టులో వచ్చాయి.

నేను ఆ కొండలు చూడలేదు. ఇక్కడ రాసేది మట్టయ్య చెప్పింది, వంశీకృష్ణ చెప్పింది.

ముందురోజు సాయంత్రం ఒక ఊరి బడి ఆవరణలో అందరికీ నంబర్లు ఇచ్చారు. మట్టయ్యది రెండు వందల పదిహేడు. దాంతోపాటు బొటనవేలి గోరంత ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఇచ్చారు. చిప్పు అంటారు దాన్ని. బూటు లేసుకు కట్టుకోవాలి. దారిలో నాలుగు చోట్ల నేల మీద రబ్బరు చాపలు పరిచి ఉంటాయి. బిళ్ల కట్టుకున్న కాలు ఆ చాప మీద పడితే ఫలానా మనిషి ఫలానా సమయానికి ఇక్కడ దాటాడని యంత్రం రాసుకుంటుంది. నిబంధనలన్నీ ఇంగ్లీషులోనూ హిందీలోనూ చదివారు. వంశీకృష్ణ మట్టయ్య చెవిలో సారం చెప్పాడు. "రిబ్బన్లు కట్టిన దారిలోనే వెళ్లండి. చాపలు నాలుగూ తొక్కండి. అంతే." బిళ్ల కూడా తనే లేసుకు గట్టిగా ముడివేసి కట్టాడు.

తెల్లవారుతుండగా పరుగు మొదలైంది. వంశీకృష్ణ ముందుకు వెళ్లిపోయాడు. మట్టయ్య తన తీరున తను వెళ్లాడు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఒక డేరా కింద బల్లల మీద అరటిపళ్లు, ఉడికించిన ఆలుగడ్డలు, పల్లీపట్టీలు, నిమ్మరసం పెట్టి ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని తింటున్నారు. మట్టయ్య ఒక పక్కన నిలబడ్డాడు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

"తినలేదా?" అన్నాను.

"ఎవ్వలు తినమనలె సార్. పిలవకముందే చెయ్యి పెడితే ఏమనుకుంటరు?"

రెండో డేరా దగ్గర ఆ ఊరి ముసలామె ఒకావిడ రాగిజావ పోస్తూ, "తాగు నాయనా, ఎండలో వచ్చావు," అందట. అప్పుడు మూడు గ్లాసులు తాగాడు. ఆమె అనకపోయి ఉంటే మొత్తం యాభై కిలోమీటర్లూ ఖాళీ కడుపుతోనే పోయేవాడు. నాకు ఆ విషయంలో అనుమానం లేదు.

ఎక్కుడు దగ్గర అతనికి ఇబ్బంది లేదు. "పోరగాళ్లు రెండు చేతుల కర్రలు పట్టుకొని ముసలోళ్ల లెక్క ఎక్కుతున్నరు సార్. నాకు నవ్వొచ్చింది. సంచులు లేకుంట ఎక్కుతుంటే నాకేమో చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలె." దిగుడు దగ్గర మాత్రం అవస్థపడ్డాడు. రోజూ దిగుతాడు గానీ మెట్లు కదలవు. అక్కడ రాళ్లు కదులుతాయి.

ముప్ఫై ఒకటో కిలోమీటరు దగ్గర ఆ పోటీలో అన్నిటికన్నా ఎత్తైన గుట్ట. దాని నెత్తి మీద మూడో చాప. కొసన మూడు వందల మీటర్లు నున్నటి బండ. అటు ఎక్కి చాప తొక్కి మళ్లీ అదే దారిన దిగి రావాలి. ఆ బండ మొదలయ్యే చోటికి మట్టయ్య వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. అక్కడ ఒక పక్కగా నాలుగైదు జతల ఆడవాళ్ల చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి.

అతను ఆగాడు. పైకి చూస్తే ఎర్రజెండా ఒకటి కనిపించింది. దాని కింద పసుపు పూసిన రాయి. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొలుచుకునే కొండదేవత. పరుగెత్తేవాళ్లు బూట్లతోనే ఎక్కుతున్నారు, దిగుతున్నారు. మట్టయ్య ఒక్క నిమిషం వాళ్లను చూశాడు, చెప్పులను చూశాడు. తర్వాత కూర్చుని లేసులు విప్పాడు. సాక్సులు బూట్లలో కుక్కి, ఆ చెప్పుల వరసకు కొసన జోడు సరిగ్గా పెట్టి, వట్టికాళ్లతో ఎక్కాడు.

పైన ఆడవాళ్లు కొబ్బరికాయ కొడుతున్నారు. అతను రాయి ముందు బోర్లా పడుకుని దండం పెట్టాడు. లేచి, పది అడుగుల అవతల పరిచి ఉన్న చాప మీద ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు ఆనించి దాటాడు. చెప్పినట్టు తొక్కాలి కదా. నీళ్లు ఇచ్చే అమ్మాయి "సూపర్ అంకుల్" అంది. దిగివచ్చి బూట్లు తొడుక్కుని మళ్లీ పరుగందుకున్నాడు. పదకొండు గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాలకు బడి ఆవరణలోకి వచ్చాడు. మెడలో మెడల్ వేశారు. అప్పటికే వచ్చి కూర్చున్న వంశీకృష్ణ లేచి వెళ్లి కౌగిలించుకున్నాడు.

మర్నాడు పొద్దున ఎల్బీనగర్‌లో బస్సు దిగేసరికి సైదమ్మ మెత్తటి చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. కాళ్లు వాచి ఉంటాయని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలుసు. చొక్కా లోపల దాచుకున్న మెడల్ తీసి చూపిస్తే తిప్పి చూసి, "దీనికా? గింత బిళ్లకా?" అంది. అన్నాక తన మెడలో వేసుకుని ఆటో ఎక్కింది. ఈ మాట మౌనిక చెప్పింది.

ఆ మూడు రోజుల్లో లైనంతా తెలిసిపోయింది. ఎవరు తలుపు తీసినా "యాభై కిలోమీటర్లటగా!" అనడం, అతను తల వంచుకుని ప్యాకెట్లు పెట్టడం. "లిస్టు రావాలె అమ్మా, లిస్టు రానీండ్రి," అనేవాడు.

లిస్టు అతను తిరిగొచ్చిన మూడోరోజు సాయంత్రం వచ్చింది. "ఫోన్ల చిన్నగ కనబడతది సార్, మీ కంప్యూటర్ల చూస్తం," అని మట్టయ్య, సైదమ్మ మా ఇంటికి వచ్చారు. సైదమ్మ మిఠాయి పొట్లం తెచ్చి మా ఆవిడ చేతికిచ్చింది. వంశీకృష్ణ క్లాసు ముగించుకుని వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తన పేరు ముప్ఫై నాలుగో స్థానంలో ఉంది. కిందికి జరుపుతూ పోయాడు. నూరు దాటింది. నూట ఇరవై పేర్లతో జాబితా అయిపోయింది. మళ్లీ పైనుంచి చూశాడు. నంబరు కొట్టి వెతికాడు.

అన్నిటికన్నా కింద ఇంకో చిన్న పట్టిక ఉంది. అర్హత కోల్పోయినవాళ్లది. అందులో ఇద్దరు. రెండో పేరు మట్టయ్య. ఎదురుగా కారణం: మూడో చాప దాటలేదు.

మట్టయ్య వంగి తెర మీద తన పేరు చదువుకుని, "పేరైతే పడ్డది గదా సార్," అన్నాడు.

"ఇది... ఇది వేరే లిస్టండీ."

"ఏం లిస్టు?"

వంశీకృష్ణ నావైపు చూశాడు. చెప్పక తప్పదు. "పైకి ఎక్కకుండా మధ్యలోంచి తిరిగి వచ్చారని అనుకుంటున్నారు మట్టయ్య గారూ. దూరం తగ్గించుకున్నారని."

మట్టయ్య మొహంలో రంగు మారిపోయింది. ఫెయిలవడం అతనికి తెలుసు. ఇది అది కాదు.

"దొంగతనంగ ఒచ్చిన్నంటున్నరా?"

"మీరు పైకి వెళ్లారా?"

"ఎందుకు పోలె? పోయిన. చాప తొక్కిన. రెండు కాళ్లతోటి తొక్కిన."

"తొక్కితే యంత్రం పట్టుకోవాలి కదండీ. బూటుకు కట్టిన బిళ్ల..."

"బూట్లు కింద ఉండె గద సార్."

"కింద అంటే?"

"కింద ఇడిసిన. పైన దేవత ఉన్నది గదా. బూట్లతోటి ఎట్ల పోత?"

వంశీకృష్ణ తల పట్టుకుని గట్టిగా నవ్వేశాడు. మట్టయ్య నవ్వకపోవడం చూసి ఆపుకున్నాడు. "క్షమించండి. మీ మీద కాదు. రెండు వందల మంది ఎక్కారు, ఎవరికీ తట్టలేదు. నేనూ బూట్లతోనే ఎక్కాను."

"నిన్ను చూసి ఎవలన్న నేర్చుకుంటరనుకున్నవా?" అంది సైదమ్మ. ఆమె కోపమంతా ఎవరి మీదో ఆమెకే తెలియదు. "అందరు పోయినట్టు పోతే ఏమైతుండె? దేవత కండ్లు మూసుకుంటుండె."

వంశీకృష్ణకు ఒక ఉపాయం తట్టింది. "ఒక పని చేద్దాం. బిళ్ల దారిలో ఊడి పడిపోయిందని రాద్దాం. అలా చాలామందికి జరుగుతుంది. దానికి శిక్ష ఉండదు. కావాలని విప్పి పక్కన పెడితే మాత్రం తప్పు కింద లెక్క. పేరు తీసేసినా తీసేస్తారు."

"పడిపోలేదు గదా."

"పడలేదనుకోండి. కానీ మీరు ఎక్కారు కదా. ఎక్కినమాట నిజమే కదా. దానికోసం..."

"ఎక్కినదొక్కటే నా దగ్గర ఉన్నది సార్," అన్నాడు మట్టయ్య. "దాంట్ల అబద్ధం కలిపితే ఇగ అదిగూడ లేకుంట పోతది. నేనే ఇడిసిన్నని రాస్త. తీసేస్తే తీసేయనీ."

మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి నా వైపు చూసింది. నేను తెల్ల కాగితం, పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టాను.

ఈలోగా వంశీకృష్ణ పోటీ ఫొటోలు వెతకడం మొదలుపెట్టాడు. గుట్ట మీద ఫొటోలు తీసేవాడు ఒకడున్నాడట. మూడు వందలకు పైగా ఉన్నాయి. చివరికి ఒకటి దొరికింది. ఎర్రజెండా, పసుపు రాయి, కొబ్బరికాయ పట్టుకున్న ఒక ఆడమనిషి, వాళ్ల ముందు బోర్లా పడుకున్న ఒక మగమనిషి. మొహం నేలకు ఆని ఉంది. ఛాతీ మీద నంబరు కిందికి పోయింది. కెమెరాకు దగ్గరగా కనిపిస్తున్నవి రెండు అరికాళ్లు.

"ఇది మీరేనా?"

"నేనే."

"వాళ్లు నమ్మాలి కదండీ. ఎవరైనా కావచ్చంటారు."

సైదమ్మ లేచి వచ్చి కంప్యూటరు ముందు వంగింది. "గిదేంది, ఎవలన్నైతరా? గీ ఎడమ మడిమె చూడు. గీ పగులు చూడు. చలికాలం నేనే మైనం కరగబెట్టి పోసిన గీ పగుల్ల. పోస్తుంటే సంటిపిల్లగాని లెక్క మొత్తుకున్నడు." భర్త వైపు తిరిగి, "కాలు చూపెట్టయ్యా," అంది.

మట్టయ్య సిగ్గుపడుతూ కాలు ఎత్తి కుర్చీ మీద పెట్టాడు. వంశీకృష్ణ వంగి అరికాలును ఫోనుతో ఫొటో తీశాడు. నా జీవితంలో చూసిన సాక్ష్యాలలో ఇంత తిరుగులేనిది లేదు.

ఆ తర్వాత మట్టయ్య గంటసేపు కూర్చుని ఉత్తరం రాశాడు. నేను రాసిపెడతానంటే వద్దన్నాడు. రాసింది ఇది.

"రేసు పెద్దలకు నమస్కారం. నా నంబరు 217. నేను గుట్ట పైదాక ఎక్కిన. దారి తప్పించలేదు. పైన దేవత ఉన్నదని కింద బూట్లు విడిచిన. బిళ్ల బూట్లకే ఉండె. బిళ్ల పడిపోలేదు, నేనే విడిచిన. అట్ల విడువొద్దని మీరు చెప్పిన్రట, నాకు తెలువలేదు, తప్పు నాదే. కాని ఎక్కలేదు అన్నది నిజం కాదు. ఫొటోలో పండుకొని దండం పెట్టేది నేనే. మొఖం కనబడదు. పాదాలు మా ఆమె గుర్తుపట్టింది. ఇట్లు మట్టయ్య, పాలు వేస్తాను."

వంశీకృష్ణ దాన్ని ఫొటో తీసి, రెండు అరికాళ్ల ఫొటోలూ జతచేసి, పైన నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాసి పంపించాడు. మిఠాయి పొట్లం విప్పకుండానే సైదమ్మ దాన్ని ఫ్రిజ్‌లో పెట్టమంది.

నాలుగు రోజులు జవాబు రాలేదు. మట్టయ్య రోజూ ఐదింటికి వచ్చాడు, ప్యాకెట్లు పెట్టాడు, వెళ్లాడు. ఇదివరకు నేను మేలుకుని ఉన్నానని తెలిసి, "ఏం చదువుతున్నరు సార్?" అని అడిగి, నేను చెబుతుండగానే మెట్లెక్కేవాడు. ఆ నాలుగు రోజులూ అడగలేదు. లిస్టు వచ్చిందా అని రెండో అంతస్తువాళ్లు అడిగితే, "ఇంక రాలె" అనడం నాకు వినిపించింది. ఉత్తరంలో అబద్ధం రాయనన్న మనిషి మెట్ల మీద ఒక చిన్న అబద్ధం ఆడవలసివచ్చింది. నాకు కష్టం వేసింది.

ఆదివారం పొద్దున చెరువు కట్ట మీద వంశీకృష్ణ ఫోను మోగింది. పోటీ నడిపే మహిపాల్ అనే ఆయన. వరంగల్ మనిషి, అడవుల్లో తిరిగే అలవాటున్నవాడట. మట్టయ్యతో మాట్లాడాలన్నాడు. వంశీకృష్ణ స్పీకరు పెట్టాడు. పరుగు ఆపి బృందమంతా చుట్టూ చేరింది. నేను బెంచీ మీదినుంచి లేచాను.

"మట్టయ్యన్నా, బాగున్నరా? ఒక్కటి అడుగుత. పగటీలి పన్నెండుకు ఆ బండ కాల్తలేకుండెనా?"

"కాలింది సార్. గందుకే దండం జల్ది పెట్టిన."

అటువైపు నవ్వు వినిపించింది. "నీళ్లిచ్చిన అమ్మాయిని అడిగినం. వట్టికాళ్ల పెద్దమనిషి ఒకాయన ఒచ్చిండని చెప్పింది. మీరు ఎక్కిండ్రు. దాంట్ల అనుమానం లేదు. కాని బిళ్ల ఇడిచిపెట్టుడు తప్పే. రూలు అందరికొక్కటే."

"తప్పే సార్."

"దానికి పదిహేను నిమిషాలు కలుపుతున్నం. మీ టైము పదకొండు గంటల యాభై మూడు నిమిషాలు అయితది. ఒప్పుకుంటరా?"

మట్టయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "పన్నెండు దాటలేదు గద సార్?"

"దాటలేదు."

"అయితే ఒప్పుకుంట."

"ఊడి పడిపోయిందని రాస్తే ఈ పదిహేను నిమిషాలు గూడ కలపకపోతుంటిమి. ఎరుకేనా?"

"ఎరుకే సార్. వంశీ సార్ చెప్పిండు."

వంశీకృష్ణ చెరువులోకి చూస్తూ నిలబడ్డాడు. మహిపాల్, "మంచిదన్నా. వచ్చే ఏడు రాండ్రి," అని పెట్టేశాడు.

అరగంట కూడా కాకముందే లిస్టు మార్చారు. వంశీకృష్ణ తన ఫోను మట్టయ్య చేతికిచ్చాడు. రెండు వేళ్లతో అక్షరాలు పెద్దవి చేయడం చూపించాడు. నూట పదిహేడో స్థానం. నంబరు రెండు వందల పదిహేడు. పేరు. ఊరి దగ్గర హైదరాబాద్ అని ఉంది. టైము పక్కన చిన్న చుక్క పెట్టి శిక్ష సంగతి రాశారు. బృందంలో ఎవరో చప్పట్లు కొట్టారు. మట్టయ్య తల ఎత్తలేదు. నేను అతని భుజం పక్కన నిలబడి ఉన్నాను. అతను తన పేరు చూడటం ఎప్పుడో అయిపోయిందని నాకు కాసేపటికి అర్థమైంది. అతని వేలు ఇంకా కిందికి జరుగుతోంది.

"వంశీ సార్, గీ కింద నలుగురు ఎవరు?"

"మీ తర్వాత వచ్చినవాళ్లు."

"నా ఎనకనా? నా ఎనక మనుషులున్నరా?" అతని ఆశ్చర్యం నిజమైనది. "నేనే ఆఖరోణ్ణి అనుకున్న సార్. డేరాలు పీకకుంట నాకోసమే ఆగిండ్రు కావచ్చు, జల్ది పోవాలె, పాపం వాళ్లకు పొద్దు పోతున్నదని ఉరికిన."

నాలుగు పేర్లూ ఒక్కొక్కటే కూడబలుక్కుని బయటికి చదివాడు. అన్నిటికన్నా కింది పేరు అరుణజ్యోతి. ఎదురుగా పదకొండు గంటల యాభై తొమ్మిది నిమిషాలు.

"యాభై తొమ్మిది!" అన్నాడు. "ఒక్క నిమిషం. అమ్మో. గీ అమ్మ ఎట్ల ఉరికిందో, ఎంత పరేషాన్ అయిందో." ఫోను వంశీకృష్ణకు ఇవ్వబోయి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "సార్, గీమెకు ఒక ఫోన్ చేయొచ్చునా?"

"తెలుసా మీకు?"

"నాకేం ఎరుక. ఊరికెనే. పేరు పడ్డదమ్మా అని చెప్తందుకు. చూసుకున్నదో లేదో."

వంశీకృష్ణ తన ఫోను తీసుకుని, మహిపాల్ నంబరు మళ్లీ కలిపాడు.